కలివి కోడి, కెమెరా, మన కుళాయి

మొన్న ఆదివారం మా మనవడు మిద్దె పిట్టగోడ మీద వాలిన పక్షికి తన సెల్‌ఫోను ఎదురు పెట్టినాడు. క్షణంలో ఫోను దాని పేరు చెప్పింది. "చూశావా తాతా, ఇక పిట్టల పుస్తకాలతో పనిలేదు" అన్నాడు. "సరే గాని, మన కడప అడవిలోని కలివి కోడిని ఇది పోల్చగలదా?" అన్నాము. వాడు ఆ పేరే వినలేదు. చదువరులలోనూ వినని వారుండవచ్చును.

పేరుకు కోడి గాని ఇది కోడి కాదు. కలివి పొదల మధ్య రాత్రిళ్ళు తిరిగే చిన్న పిట్ట. ఇంగ్లీషువారు దీనికి జెర్డన్ దొర పేరు పెట్టినారు. ఆయన మన మద్రాసు సైన్యంలో వైద్యుడు. 1848లో శాస్త్రగ్రంథాల కెక్కిన ఈ పిట్ట 1900 తరువాత ఎవరి కంటా పడలేదు. అంతరించిందనే అనుకొన్నారు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం తరఫున భరత్ భూషణ్‌గారు వెతుకుతూండగా, 1986 జనవరిలో కడప జిల్లాలో పిట్టలు పట్టే ఒక పల్లెటూరి మనిషి ఒక రాత్రి దానిని పట్టుకొన్నాడు. ఎనభై ఆరేళ్ళ ఎడబాటు తీర్చినది ఏ యంత్రమూ కాదు.

దొరికింది సరే, దాని బ్రతుకు తెలిసేదెట్లా? మనిషి అలికిడైతే పొదల్లో దూరిపోతుంది. అందుకని జగన్నాథన్‌గారూ తోటివారూ పొదల సందుల్లో మెత్తని మట్టి పరచి, తెల్లవారి అడుగుజాడలు కొలిచేవారు. తీతువు వంటి పిట్టల జాడలతో పొరబడకుండా, ఎదుట ఏదైనా కదిలితే తనంతట తానే బొమ్మ తీసే కెమెరాలు అమర్చినారు. ఈ పద్ధతిని 2002లో ప్రచురించినారు.

ఇందులో మన కేమిటంటారా? 1996 నుండి చెన్నపట్నానికి కృష్ణనీళ్ళు తెచ్చిపెట్టిన తెలుగు గంగ పథకాన్ని ఎరుగనివారు మనలో లేరు. 2005లో ఆ పథకానికే చెందిన ఒక కాలువ తవ్వకం ఈ పిట్ట తిరిగే పొదలలోకి వచ్చి పడింది. పిట్ట ఎక్కడెక్కడ తిరుగుతున్నదో అప్పటికే జాడలూ బొమ్మలూ ఉన్నవి గనుక మాట చెల్లింది. పని ఆగి, కాలువ దారి మార్చినారు. ఉత్తచేతులతో వెళ్ళి "అక్కడొక పిట్ట ఉన్నదట" అంటే వినేవారా? మాకు నమ్మకం లేదు.

ఇప్పటి కెమెరాలు వేలకొద్దీ బొమ్మలు తీస్తున్నవి. గడ్డి కదిలినా ఒకటి, మేక నడిచినా ఒకటి. ఖాళీ బొమ్మలను ఏరి పక్కన పెట్టే చాకిరీ కంప్యూటరు చేస్తున్నది. పాత రోజుల్లో అది కుర్రవాళ్ళ కళ్ళు కాయలు కాచే పని; మేలే జరిగింది. అయితే ఆ కంప్యూటరు చూపించినదే నేర్చుకొంటుంది. కాకి బొమ్మలు లక్షలున్నవి. కలివి కోడివి ఎన్ని? అరుదైన పిట్ట దగ్గరనే దానికి చదువు తక్కువ. అసలైన అక్కర అక్కడే గదా!

2025లో కొందరు పక్షి పరిశీలకులు ఆంధ్ర అడవిలో చీకటివేళ దాని కూత విని రికార్డు చేసినారు. అంటే చివరకు చెవే ముందు పసిగట్టింది.

ఇదంతా విని మనవడు ఫోను జేబులో పెట్టుకొని, "కడపకు రాత్రి బస్సున్నదా తాతా?" అన్నాడు. ఉన్నది, అడవిలో కాలు పెట్టడానికి మాత్రం అటవీశాఖవారి అనుమతి కావాలని చెప్పినాము.