కారు లైసెన్సుతో ఇల్లు నడపడం

లాంగ్ వీకెండ్ వస్తోందంటే చాలు, అమెరికాలో మనవాళ్ళు రెండు కుటుంబాలు కలిసి మోటార్ హోమ్ అద్దెకి తీసుకుని బయల్దేరతారు. దార్లో వండుకోవచ్చు, పిల్లలు పడుకోవచ్చు, హోటల్ గోల లేదు. బానే ఉంది. నా పేచీ అంతా స్టీరింగ్ దగ్గరే.

చాలా రాష్ట్రాల్లో 26,000 పౌండ్ల లోపు మోటార్ హోమ్‌కి మామూలు కారు లైసెన్సు చాలు. అంటే మన లెక్కలో దాదాపు 11.8 టన్నులు! నిన్నటిదాకా క్యామ్రీ నడిపిన మనిషి ఇవాళ ముప్ఫై అడుగుల బండి ఎక్కి హైవే మీదకి పోవచ్చు. అద్దెకిచ్చేవాళ్ళు డ్రైవింగ్ గురించి చెప్పేదానికన్నా మురుగునీటి గొట్టం ఎలా తగిలించాలో చెప్పేదే ఎక్కువ.

వెనక చక్రాల తర్వాత కూడా బండి చాలా పొడుగుంటుంది. పెట్రోలు పంపు పక్కనుంచి స్టీరింగ్ ఎడమకి కొడితే తోక కుడికి ఊగి పంపుని తాకుతుంది. కారు నడిపే బుర్రకి ఇది తట్టదు. ఎత్తు సంగతి ఇంకా ఘోరం. నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో 11 అడుగుల 8 అంగుళాల రైలు వంతెన ఒకటుంది, రాలీ, కేరీల్లో ఉండే మనవాళ్ళకి బాగా తెలుసు. సెన్సర్ పెట్టి, మీ బండి ఎత్తెక్కువ, తిరగండని బోర్డు వెలిగించినా గుద్దేవాళ్ళు గుద్దారు. 2019లో ఎనిమిది అంగుళాలు పైకెత్తారు. ఆ తర్వాతా గుద్దారు. ఎంత మంచి అలర్టైనా చదివేవాడు లేకపోతే అంతే, ప్రొడక్షన్ సపోర్ట్ చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

కారు జీపీఎస్‌ని గుడ్డిగా నమ్మడం కూడా ఇలాంటిదే. గ్లేసియర్ పార్కులో గోయింగ్-టు-ది-సన్ రోడ్డు మీద అవలాంచ్ నుంచి రైజింగ్ సన్ దాకా 21 అడుగులు దాటిన బండిని రానివ్వరు. ఫోనుకి మీ బండి పొడుగెంతో ఏం తెలుసు? కొండ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టుకుని కూర్చుంటే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. దిగడం మొదలెట్టకముందే కింది గేరులోకి మార్చాలి.

వీటన్నిటికంటే నాకు భయం వేసేది నిద్ర. అక్కడ లారీ డ్రైవరు పది గంటలు విశ్రాంతి తీసుకున్నాక 11 గంటలకి మించి నడపకూడదు. బస్సు డ్రైవరైతే ఎనిమిది గంటల విశ్రాంతి తర్వాత పది గంటలే. సొంత విహారానికి నడిపేవాడికి మాత్రం ఏ లెక్కా లేదు. హైదరాబాద్-బెంగుళూరు బస్సెక్కితే రెండో డ్రైవరున్నాడా అని అడుగుతాం కదా, మరి గురువారం రాత్రి రిలీజ్ చేసి, శుక్రవారం సాయంత్రం పిల్లల్ని ఎక్కించుకుని తెల్లవార్లూ నడిపేవాణ్ణి ఎవరడగాలి? పక్క సీట్లో ఆవిడా నిద్రపోతూంటుంది పాపం.

నామటుకు నేను రోజుకి మూడొందల మైళ్ళు దాటను. బయల్దేరేముందు ఖాళీ పార్కింగ్ లాట్‌లో గంటసేపు మలుపులు, రివర్సు. బండి ఎత్తు అడుగుల్లో రాసి అద్దం పక్కన అంటించుకుంటాను. ఇవన్నీ వింటారు గానీ తిరుగు ప్రయాణం దగ్గర మనవాళ్ళు మాట వినరు, మంగళవారం పొద్దున మీటింగుకి అందుకోవాలని సోమవారం రాత్రంతా తోలేస్తారు. మంగళవారం కూడా సెలవు పెట్టెయ్యండి. చాలామందికి ఆ సెలవులు ఎటూ డిసెంబర్లో మురిగిపోయేవే.