మా డోంగ్లికి ఒక ఫూజేర్ కావాలి

మొన్న హాస్టల్లో అర్ధరాత్రి దాటాక మ్యాచ్ చూస్తున్నాం. ఒకటే ల్యాప్‌టాప్, దాని ముందు పన్నెండు మందిమి. నెట్ ఆగుతూ ఆగుతూ వస్తోంది. కమవింగా ఇద్దరి మధ్యలోంచి బంతి లాక్కుని అలా ముందుకు పోయేసరికి, సెకండియర్ తమ్ముడొకడు నోరు తెరిచి చూసి అన్నాడు: "అన్నా, మన దిక్కు గిట్లాంటోళ్లు ఎందుకు పుట్టరే?"

అందరం నవ్వాం. ఒకడు తిండి వల్ల అన్నాడు. ఒకడు క్రికెట్ వల్ల అన్నాడు. ఇంకొకడు "మన జీన్స్‌లోనే లేదురా" అని తేల్చేశాడు. ఆ రాత్రి నేనూ వాళ్లతో కలిసి నవ్వినవాణ్ణే. తర్వాత పడుకుంటే నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్నే తప్పేమో అనిపించింది. పుట్టక ఏమవుతారు, పుడుతూనే ఉన్నారు. పుట్టిన పిల్లకో పిల్లాడికో ఏడేళ్లు వచ్చేసరికి ఇంటి దగ్గర్లో ఏం దొరుకుతోంది? మనం అడగాల్సింది అది. నా ఈ వ్యాసం అంతా దాని గురించే.

ముందు కమవింగా సంగతే చూద్దాం. అతని జీవితంలో రియల్ మాడ్రిడ్ తర్వాతి భాగం మనందరికీ నోటికొచ్చు. 2021 ఆగస్టులో అక్కడికి వెళ్లడం, మొదటి సీజన్‌లోనే చాంపియన్స్ లీగ్ గెలవడం, 2022 వరల్డ్ కప్ ఫైనల్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగడం. దానికి ముందు కథ మనలో చాలామందికి తెలియదు.

ఎడ్వర్డో కమవింగా 2002 నవంబర్ 10న అంగోలాలోని కబిండా ప్రాంతంలో, ఒక శరణార్థి శిబిరంలో పుట్టాడు. అమ్మానాన్నలు కాంగో నుంచి వచ్చినవాళ్లు. చిన్నప్పుడే కుటుంబం ఫ్రాన్స్ చేరింది. చివరికి ఫూజేర్ అనే పట్టణంలో స్థిరపడ్డారు. జనాభా ఇరవై వేలు. అంటే మన కామారెడ్డి కంటే చాలా చిన్న ఊరు. దగ్గర్లో పెద్ద నగరం అంటే రెన్, అది సుమారు యాభై కిలోమీటర్ల దూరం. పిల్లాడు మొదట జూడో నేర్చుకున్నాడు. ఇంట్లో బంతి ఆడుతూ సామాన్లు పగలగొడుతుంటే తట్టుకోలేక అమ్మ ఊళ్లోని ఫుట్‌బాల్ క్లబ్బులో వేసింది. ఈ మాట అతనే ఇంటర్వ్యూల్లో నవ్వుతూ చెప్పుకున్నాడు. ఆ క్లబ్బు పేరు ద్రపో ఫూజేర్. మనం ఎప్పుడూ వినం, టీవీలో ఎప్పుడూ రాదు.

2013లో వాళ్ల ఇల్లు కాలిపోయింది. ఉన్నదంతా పోయింది. ఆ రోజుల్లోనే, పదకొండేళ్ల వయసులో, రెన్ క్లబ్బు అకాడమీకి ఎంపికయ్యాడు. పదహారేళ్లకు మొదటి ప్రొఫెషనల్ కాంట్రాక్ట్. 2019 ఏప్రిల్‌లో సీనియర్ జట్టుకు తొలి మ్యాచ్. అదే ఏడాది ఆగస్టులో రెన్ 2-1తో పీఎస్‌జీని ఓడించినప్పుడు గెలుపు గోల్‌కు పాస్ ఇచ్చింది ఈ పదహారేళ్ల పిల్లాడే. 2020 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ జాతీయ జట్టుకు ఆడాడు. అంత చిన్న వయసులో ఆ జట్టుకు ఎవరైనా ఆడి వంద ఏళ్లు దాటింది. మధ్యలో మన ఇంటర్ లాంటి బాకలోరియా కూడా పూర్తి చేశాడు. "ఆటా, చదువా, ఏదో ఒకటి తేల్చుకో" అని అతన్ని ఎవరూ గోడకు నిలబెట్టలేదు.

ఈ కథలో నాకు అసూయ కలిగించేది రియల్ మాడ్రిడ్ కాదు, ఫూజేర్. ఇరవై వేల మంది ఉన్న ఊళ్లో, ఇల్లు కాలిపోయిన కుటుంబంలోని పిల్లాడికి కూడా నడిచివెళ్లే దూరంలో ఒక క్లబ్బు ఉంది. అందులో ఒక కోచ్ ఉన్నాడు. వారం వారం పక్క ఊరి జట్టుతో మ్యాచ్ ఉంది. ఆ మ్యాచ్‌లు చూసి "ఈ పిల్లాడు వేరు" అని పెద్ద క్లబ్బుకు చెప్పే మనిషి ఉన్నాడు. రెన్ వాళ్లు వెతుక్కుంటూ వచ్చేసరికి పిల్లాడు అప్పటికే ఆడుతున్నాడు.

ఇప్పుడు మా ఊరికి వద్దాం. మాది డోంగ్లి. కామారెడ్డి జిల్లాలో ఒక మూలన, మహారాష్ట్ర సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది. మొన్నమొన్నటి దాకా మద్నూర్ మండలంలో ఊరు, ఇప్పుడు మాదే మండలం. నల్లరేగడి నేల, సోయా, పత్తి, కంది. మా దగ్గర సగం మందికి తెలుగూ మరాఠీ రెండూ ఒకే నాలుక మీద ఆడుతాయి. బజారు పనికి కామారెడ్డి కంటే దెగ్లూర్ దగ్గర. జిల్లా కేంద్రానికి పోవాలంటే పొద్దున బయల్దేరాలి, పని ఎంత చిన్నదైనా ఆ రోజు పోయినట్టే.

మా ఊళ్లో పిల్లలు ఆడరా అంటే, ఆడతారు. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్. ఈ మధ్య ఫోన్లు వచ్చాక ఫుట్‌బాల్ కూడా. కోతలైన చేనులో రెండు పక్కలా రాళ్లు పెట్టుకుని ఆడతారు. వానాకాలం వస్తే నల్లమట్టి కాలికి అంటుకుని చెప్పు ఊడుతుంది, ఆట బంద్.

ఆ గుంపులో మా చెల్లె కూడా ఉంటుంది. తొమ్మిదో తరగతి. మగపిల్లల మధ్య ఒక్కతే ఆడపిల్ల. బంతి దానికి దొరికిందంటే మళ్లీ అందుకోవడం ఎవరి వల్లా కాదు. పోయినేడు బడి తరఫున పరుగుపందెంలో మండలంలో ఫస్ట్ వచ్చింది. జిల్లా పోటీలకు పోవాలి. ఆ రోజు బాపుకు చేను పని, అమ్మకు ఒంట్లో బాగా లేదు, తోడు పోయే మనిషి లేడు. పోలేదు. ఆ రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. నేనేమన్నానో తెలుసా? "పోనీలే చెల్లె, వచ్చే ఏడు టెన్త్ ఉంది, దాని మీద పడు. ఆట ఏమన్న అన్నం పెడ్తదా?"

అవే మాటలు బాపు అంటే నేను ఎన్నోసార్లు ఎదురు తిరిగాను. కమవింగా జెర్సీ వేసుకుని, హాస్టల్ మంచం మీద కూర్చుని, మా చెల్లెకు అదే మాట నేను చెప్పాను. అందుకే ఈ వ్యాసం ఎవరినో తిట్టడానికి రాయట్లేదు. ముందు నన్ను నేను అడుగుతున్నాను.

మన దగ్గర పుట్టరు అన్నవాళ్ల కోసం ఒక పేరు: గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లాలోని ఒక తండా నుంచి వచ్చిన అమ్మాయి, రైతు బిడ్డ. 2016 అక్టోబర్ దాకా మాదీ నిజామాబాద్ జిల్లానే కదా, ఆ లెక్కన మా జిల్లా పిల్లే. మొదట పరుగులో ఉండేది. ఆ వేగం చూసిన కోచ్ ఫుట్‌బాల్ వైపు తిప్పారు. అక్కడి నుంచి గోకులం కేరళ, 2022లో క్రొయేషియాలోని దినామో జాగ్రెబ్, తర్వాత కోల్‌కతా ఈస్ట్ బెంగాల్. 2024-25 సీజన్‌లో ఈస్ట్ బెంగాల్ మహిళల లీగ్ గెలిచింది. అదే సీజన్‌కు దేశంలో ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ఫుట్‌బాల్ సమాఖ్య అవార్డు సౌమ్యకు వచ్చింది. 2025 జులైలో థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి మన అమ్మాయిలు ఆసియా కప్‌కు అర్హత సాధించారు.

మా ఫ్లోర్‌లో అడిగాను. కమవింగా ఏ కాలితో ఆడతాడో పది మంది చెప్పారు. సౌమ్య పేరు ఇద్దరికి తెలుసు.

సౌమ్య కథ చదివి గర్వపడటం తేలిక. నాకు మాత్రం కొంచెం భయం వేసింది. ఒక అమ్మాయి పరుగెత్తుతోంది, ఆ దారిలో చూసే కన్నున్న ఒక కోచ్ ఉన్నారు. ఆ ఒక్క కలయిక జరగకపోతే దేశానికి ఆ క్రీడాకారిణి లేదు. ఆ కలయిక జరగని తండాలు ఎన్ని, ఊళ్లు ఎన్ని? మా చెల్లె కూడా పరుగులోనే ఫస్ట్ వచ్చింది. ఫూజేర్‌లో కోచ్ ఉండటం మామూలు సంగతి. మన దగ్గర అది అదృష్టం.

ఇది మన రక్తంలో లేనిదీ కాదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్‌లో బడి పంతులు. ఆయన తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచింది. ఆ స్వర్ణం గెలిచిన జట్టులో సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. అప్పుడు నగరంలో పంతులు ఉన్నాడు, గ్రౌండ్ ఉంది, బాగా ఆడితే పోలీసు ఉద్యోగం ఉంది. "ఆట అన్నం పెడ్తదా" అన్న ప్రశ్నకు ఆ రోజుల్లో హైదరాబాద్ దగ్గర జవాబు ఉండేది. ఇప్పుడు మా బాపు అడిగితే నా దగ్గర లేదు.

ఇంకో ఉదాహరణ మా జిల్లాలోనే ఉంది. మలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే, ఎవరెస్ట్ ఎక్కింది. ఆ పిల్ల చదివింది తాడ్వాయి గురుకుల పాఠశాలలో. తాడ్వాయి ఇప్పుడు కామారెడ్డి జిల్లాలోనే ఉంది. ఎవరెస్ట్ దాకా ఒక పేదింటి పిల్లను ఎవరూ సొంత ఖర్చుతో తీసుకుపోలేరు. గురుకులాల వ్యవస్థ వెనక నిలబడి ఎంపిక చేసింది, శిక్షణ ఇప్పించింది, పంపింది. కొండకు చేయగలిగింది బంతికి చేయలేమా?

"ప్రభుత్వం ఊరూరా ఆట స్థలాలు ఇస్తోంది కదా" అని మీరు అడగొచ్చు. 2022 నుంచి గ్రామాల్లో క్రీడా ప్రాంగణాలు మొదలయ్యాయి, మంచిదే. కానీ స్థలం వేరు, క్లబ్బు వేరు. క్లబ్బంటే ఆదివారం ఆరు గంటలకు తప్పకుండా వచ్చే ఒక మనిషి. వచ్చే వారం ఎవరితో మ్యాచ్ అన్నది ముందే తెలియడం. ఎవరు ఎప్పటి నుంచి ఆడుతున్నారో రాసి ఉన్న ఒక పుస్తకం. ఆ చివరిదాన్ని చిన్నదిగా చూడకండి. ఆటగాడు క్లబ్బు మారితే ఆ డబ్బులో ఐదు శాతం దాకా, పన్నెండేళ్ల వయసు నుంచి అతనికి ఆట నేర్పిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నియమం ఉంది. మా ఊరి చేనులో ఆడేవాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ లేవు. రేపు వాళ్లలో ఎవరైనా ఎక్కడికో పోయినా, డోంగ్లి అనే ఊరు ఆ లెక్కలో ఉండదు.

మనం ఇంజనీరింగ్ పిల్లలం కాబట్టి ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. "అయితే ఒక యాప్ చేద్దాం అన్నా" అంటారు. మన హ్యాకథాన్లలో ప్రతి ఏడూ టాలెంట్ కనిపెట్టే ఏఐ ప్రాజెక్ట్ ఒకటైనా ఉంటుంది. ఎవరూ బంతి మాత్రం కొనరు. దయచేసి యాప్ వద్దు. నా ప్రతిపాదన చాలా చిన్నది. సెలవులకు ఇంటికి పోయే ప్రతి ఒక్కరం మన ఊళ్లో పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో ఒక జట్టు కట్టిద్దాం, ఆడపిల్లలతో సహా. చుట్టుపక్కల నాలుగు ఊళ్లు కలిస్తే ఒక లీగ్. పీఈటీ సారు ఉంటే ఆయన్ని పెద్దగా పెట్టుకుందాం. పేరు, పుట్టిన తేదీ, ఆడిన మ్యాచ్‌లు ఒక నోటుబుక్కులో రాద్దాం. జిల్లా పోటీల రోజు తోడు పోయే మనిషి లేకపోతే మనమే పోదాం. మనం మళ్లీ కాలేజీకి వచ్చాక నడిపేది ఎవరు అన్నదే కష్టమైన ప్రశ్న, ఒప్పుకుంటాను. ఊళ్లో ఇంటర్, డిగ్రీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లలో ఒక్కరికైనా ఆ బాధ్యత అప్పగించకుండా బస్సెక్కితే అది మళ్లీ మూణ్ణాళ్ల ముచ్చటే.

దీంతో డోంగ్లి నుంచి కమవింగా వస్తాడని నేను చెప్పట్లేదు. ఫూజేర్ క్లబ్బు కూడా కమవింగా కోసం పెట్టింది కాదు. అక్కడ ఆడిన మిగతా పిల్లలు ఏ నౌకరో, ఏ షాపో చేసుకుంటూ ఉంటారు. వాళ్లకు బాల్యంలో ఆట దొరికింది, అంతే. మా చెల్లెకు అది దొరికితే నాకు చాలు.

నిన్న ఫోన్ చేశాను. పోయినేడు అన్న మాట తప్పని ఒప్పుకున్నాను. దసరాకు బంతి పట్టుకొస్తా, ఆడుదాం అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది: "బంతి తర్వాత అన్నా, ముందుగాల రెండు వలలు తీస్కరా. రాళ్లు పెట్టుకుంటే గోల్ అయిందా లేదా అని దినాం లొల్లే అయితుంది."

వలల ధర ఎంతో చూస్తున్నాను. మీ ఊరికి కూడా కావాలంటే చెప్పండి, కలిపి కొందాం.