టైఫాయిడ్ టీకా వేయించారు సరే, ఏ టీకా?



అడ్మిషన్‌కు జిరాక్స్ ఇచ్చాక చాలా ఇళ్లలో టీకాల కార్డు బీరువాలోకి వెళ్లిపోతుంది. ఈ నెల దాన్ని ఒకసారి బయటికి తీయండి. 'టైఫాయిడ్' అన్న గడిలో టిక్ ఉంటే సరిపోదు, ఏ రకం టీకా వేశారో కూడా చూడాలి. ఎందుకో చెబుతాం.

మన రక్తంలోని లింఫోసైట్లలో బి-కణాలు యాంటీబాడీలను తయారుచేస్తాయి. అయితే క్రిమిని గుర్తించినంత మాత్రాన బి-కణం పూర్తిగా రంగంలోకి దిగదు. చాలా సందర్భాల్లో సహాయక టి-కణం వచ్చి దానికి సంకేతం ఇవ్వాలి. అప్పుడే మేలైన యాంటీబాడీలు పుడతాయి, క్రిమిని ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకునే కణాలు మిగులుతాయి. హెచ్ఐవీ దెబ్బతీసేది ఈ సహాయక కణాలనే. అవి తగ్గితే మామూలు క్రిములు కూడా ప్రాణం మీదికి తెస్తాయి.

టి-కణాలు గుర్తుపట్టేది ముఖ్యంగా ప్రొటీన్ ముక్కలను. పాత రకం టైఫాయిడ్ ఇంజెక్షన్‌లో ఉన్నది బ్యాక్టీరియా పైపొరలోని చక్కెర పదార్థం మాత్రమే. కాబట్టి సహాయక కణాల తోడు దొరకదు. 2 ఏళ్లలోపు పిల్లల్లో అది సరిగా పనిచేయదు. పెద్ద పిల్లలకూ 3 ఏళ్లకోసారి మళ్లీ వేయించాలి.

కాంజుగేట్ టీకాలో ఆ చక్కెరను ఒక ప్రొటీన్‌కు జతచేస్తారు. బి-కణం రెండింటినీ కలిపి లోపలికి తీసుకుని, ప్రొటీన్ ముక్కను సహాయక కణానికి చూపిస్తుంది. సాయం అందుతుంది. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన ఇలాంటి టీకాను 6 నెలల వయసు నుంచే వేయవచ్చు. నేపాల్‌లో సుమారు 20,000 మంది పిల్లలతో జరిగిన పరీక్షలో అది 80 శాతం వరకు రక్షణ ఇచ్చింది.

అందుకే మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. 'ఇమ్యూనిటీ పెంచుతుంది' అనే డబ్బాలకు నెలనెలా ఖర్చుపెట్టే ముందు, మీ పిల్లల డాక్టర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: "మా పిల్లలకు వేసింది కాంజుగేట్ టీకాయేనా?" కాకపోతే ఏం చేయాలో ఆయనే చెబుతారు. 10, 16 ఏళ్లకు వేయాల్సిన టీడీ టీకా సంగతీ అప్పుడే కనుక్కోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం.

టీకా వేయించాం కదా అని కాచి చల్లార్చిన నీళ్లు, చేతుల శుభ్రత మాత్రం మానవద్దు.