తప్పు పాత ఫోన్‌దేనా?

యాప్ మధ్యలో ఆగిపోతే "ఫోన్ పాతదైపోయింది, కొత్తది కొనుక్కో" అనేస్తాం. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ కోచింగ్‌కి వెళ్లేవాళ్లకి కొత్త ఫోన్ అంటే కొన్ని నెలల హాస్టల్ ఫీజు. అందుకే ఆ మాట అనేముందు చిన్న లెక్క చూడండి.

12 మెగాపిక్సెల్ ఫొటో ఫైలు 4 ఎంబీ ఉందనుకుందాం. స్క్రీన్ మీద చూపించాలంటే దాన్ని మెమరీలో విప్పాలి. 4000 × 3000 పిక్సెళ్లు, ఒక్కోదానికి 4 బైట్లు. మొత్తం 48 ఎంబీ! అలాంటివి పది ఒకేసారి తెరిస్తే 480 ఎంబీ. 2 జీబీ ర్యామ్ ఫోన్ తట్టుకోవడం కష్టమే.

ఆండ్రాయిడ్‌లో దీనికి మందు ఎప్పట్నుంచో ఉంది. ఇన్‌జస్ట్‌డీకోడ్‌బౌండ్స్ పెడితే ఫొటోని విప్పకుండానే కొలతలు తెలుస్తాయి. ఇన్‌శాంపుల్‌సైజ్ 4 ఇస్తే 1000 × 750కి తగ్గి, 3 ఎంబీతో సరిపోతుంది. చిన్న థంబ్‌నెయిల్‌కి అదే ఎక్కువ. గ్లైడ్, కాయిల్ లాంటి లైబ్రరీలైతే చూపించే చోటుకి తగ్గట్టు వాటంతట అవే కుదిస్తాయి.

ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి చుట్టూ చూడండి, అందరి చేతుల్లో ఒకే రకం ఫోన్ ఉండదు. వాళ్లందరూ మన యూజర్లే. ప్రాజెక్ట్ డెమోకి ముందు ఒక్కసారైనా, ఇంట్లో ఉన్న అన్నిటికంటే పాత ఫోన్‌లో మన యాప్ నడిపి చూద్దాం.