పోయిన ఏడు సూది వేయించాము కదా!



మేము ఒక ఇంటిని దర్శించినప్పుడు వాకిట్లో గేదె చొంగ కారుస్తూ, కాలు నేల మోపలేక నిలబడి ఉన్నది. దాని దూడ ముందురోజే చనిపోయింది. వచ్చినది గాలికుంటు. ఆ ఇంటి తల్లి, "అయ్యగారూ, పోయిన ఏడు సూది వేయించాము కదా, మళ్ళీ ఎందుకొచ్చింది?" అని కన్నీరు పెట్టుకున్నది. ఆనాడు మావద్ద జవాబు లేదు. తరువాత పశువైద్యుని అడిగి తెలిసికొన్న సంగతులు మీకు వ్రాస్తున్నాము.

ఈ టీకాలో ఉండేది చంపిన వైరస్. దానిని బట్టి పశువు శరీరం శత్రువును గుర్తుపట్టి, రక్తంలో ప్రతిరక్షకాలను తయారు చేసికొంటుంది. అయితే ఆ బలం సుమారు ఆరు నెలలకే తగ్గిపోతుంది. పశువుల ముసర వ్యాధికి ఒక్క టీకాతో జీవితాంతం రక్షణ ఉండేది. 2011లో ఆ రోగం లోకంలోనే లేకుండా పోయినట్లు ప్రకటించారు. గాలికుంటు అటువంటిది కాదు. దీనిలో ఏడు రకాలున్నవి. మన దేశపు టీకా ఓ, ఎ, ఆసియా-1 అనే మూడు రకాలకు వేస్తారు. ఒక రకానికి వచ్చిన శక్తి మరొక రకాన్ని ఆపదు. గనుక జబ్బుచేసి కోలుకున్న పశువుకు కూడా సూది అవసరమే.

మరి దూడ ఎందుకు చనిపోయింది? పెద్ద పశువులు చాలావరకు కోలుకుంటాయి గాని, లేతదూడల గుండెను ఈ వైరస్ దెబ్బతీస్తుంది. తల్లికి సకాలంలో టీకా వేయిస్తే ముర్రుపాల ద్వారా ప్రతిరక్షకాలు దూడకు చేరుతాయి. తల్లిలోనే బలం తగ్గితే దూడకు అందేది ఏమున్నది? ఆ ముర్రుపాల రక్షణ ఉన్నంతకాలం దూడకు వేసిన టీకా సరిగా పనిచేయదు. అందుచేత నాలుగవ నెలలో మొదటి సూది, నెల తరువాత రెండవది, ఆపైన ఆరు నెలలకొకసారి వేయించాలి.

సూది వేస్తే పాలు తగ్గుతాయని కొందరు పశువులను దాచిపెడతారు. ఆ తగ్గుదల కొద్దిరోజులే. రోగమే వస్తే ఆ ఈతంతా పాలు పడిపోవచ్చును. దాచిన ఒక్క పశువునుండి గాలి, మేత, నీటితొట్టి, మన చేతుల ద్వారా కూడా ఊరంతటికీ అంటుకొంటుంది.

రోగమొచ్చిన పశువును వేరుగా కట్టండి. నూరుపాళ్ల నీటికి నాలుగుపాళ్ల బట్టల సోడా కలిపి కొట్టం కడగండి. వెంటనే పశువైద్యునికి కబురు చేయండి. ఈసారి సూది వేయించిన రోజునే గోడమీది క్యాలెండరులో ఆరు నెలల తరువాతి తేదీకి గుర్తు పెట్టుకొనండి.