గళ్ళలో ఇమడని అరగంట

మొన్నొక ఆదివారం పొద్దున పది గంటల పది నిమిషాలకి, పేపరు అనుబంధంలో వచ్చిన గళ్ళ నుడికట్టు ముందేసుకుని భోజనాల బల్ల దగ్గర కూచున్నాను. అడ్డం పదిహేడు, నిలువు పదహారు ఆధారాలు. ఆ వారం కూర్చిన వారెవరోగానీ గట్టివారే. వట్టి పర్యాయపదాలు కావు, అన్నీ మెలికలే. మొదటి ఆధారం చదివి అర్థం చేసుకునేలోపే కుక్కర్ మూడో కూత వేసింది. లేచాను. వచ్చి కూచోగానే పాప రంగు పెన్సిళ్ళ డబ్బా మూత రావట్లేదంటూ వచ్చింది. తర్వాత అత్తయ్యగారి బీపీ మాత్ర. తర్వాత గ్యాస్ బండ తెచ్చినతను. ఆ తర్వాత లోపల్నుంచి మా ఆయన, "నా నీలం చొక్కా ఎక్కడుంది?" అని. అది ఆయన బీరువాలోనే, ఆయన చొక్కాల మధ్యే ఉంది.

మూడోసారి లేచినప్పుడు కోపమొచ్చి, లేచిన ప్రతిసారీ కాగితం అంచున ఒక గీత పెట్టడం మొదలుపెట్టాను. పదకొండింటికి లెక్క చూసుకుంటే గీతలు పదకొండు, నిండిన మాటలు నాలుగు.

"సాహిత్యంలో డాక్టరేట్ చేశావు, ఆ మాత్రం పూర్తి చెయ్యలేవా?" అన్నారు మా ఆయన నవ్వుతూ. ఆయన చేస్తారు, నిజమే. ఆయన పేపరు పట్టుకుని బాల్కనీలో కూచుంటే ఇంట్లో ఎవరూ పిలవరు. "నాన్న పేపరు చదువుకుంటున్నారు, అల్లరి చెయ్యకు" అని పాపని ఆపేది నేనే. "అమ్మ చదువుకుంటోంది" అని ఎవరూ, ఎప్పుడూ ఎవర్నీ ఆపగా నేను వినలేదు. పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసం కూడా అందరూ పడుకున్న తర్వాతే రాశాను. అప్పుడది నా పట్టుదల అని అందరూ మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను. పట్టుదల కాదది, మరో గంట దొరక్కపోవడం.

గళ్ళు నింపేవాళ్ళకి తెలుసు, ఈ ఆటకి కావలసింది పాండిత్యం ఒక్కటే కాదు. "తిరగబడిన తీగ, రెండక్షరాలు" అంటే తీగ లత అయి, లత తిరగబడి తల కావాలి. ఇది చిన్నది. పెద్దవాటికి అయిదారు ముక్కలు ఒకేసారి బుర్రలో నిలబెట్టుకోవాలి. నిలువులో వచ్చిన ఒత్తు, అడ్డంలో అనుమానంగా ఉన్న గుణింతం, సగం తట్టి జారిపోతున్న మాట. "అమ్మా" అన్న ఒక్క పిలుపుతో అవన్నీ చెల్లాచెదురవుతాయి. లేచి చేసే పని రెండు నిమిషాలే. మళ్ళీ ఆ ముక్కలన్నీ ఏరుకోవడానికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ఎవరి ఖాతాలో రాయాలి?

దేశంలో ఆడవాళ్ళ పనిని లెక్కగట్టే ప్రయత్నం జరక్కపోలేదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లోనూ 2024లోనూ కాల వినియోగ సర్వేలు చేసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు 2019లో రోజుకి సగటున 299 నిమిషాలు ఆ పనికి వెచ్చించేవారు. 2024 నాటికి అది 289. అయిదేళ్ళ ప్రగతి పది నిమిషాలు! మగవాళ్ళ లెక్క 97 నుంచి 88కి దిగింది. అది కూడా ఇంటిపని ముట్టుకునే కొద్దిమంది మగవాళ్ళ సగటు మాత్రమే. ఈ సర్వేలో రోజుని అరగంట గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఏం చేశారని అడుగుతారు. ఆ లెక్కలు మనకి చాలా అవసరం, కాదనను. కానీ నా పది గంటల గడిలో ఏం రాయాలి? "విశ్రాంతి, వినోదం" అనే రాస్తారు. ఆ అరగంటలో ఆరుసార్లు లేచిన సంగతి ఏ గడిలోనూ పట్టదు. మనకి తీరిక లేదని మాత్రమే కాదు నా ఫిర్యాదు. మన తీరిక ఎప్పుడూ ముక్కలుగానే మన చేతికొస్తుంది. ముక్కల తీరికలో బట్టలు మడతపెట్టొచ్చు, చిక్కుళ్ళు ఒలవచ్చు. ఆలోచించడం కుదరదు.

"ఆటలో కూడా స్త్రీవాదమేనా?" అని అడిగేవాళ్ళుంటారని తెలుసు. వాళ్ళకి మా అమ్మ సంగతి చెప్పాలి.

మా చిన్నప్పుడు ఇంటికి వారపత్రిక వచ్చేది. నాన్న వీధి అరుగు మీద కూచుని పెద్దగా ఆధారాలు చదివేవారు. అమ్మ వంటింట్లోంచి జవాబులు చెప్పేది. నుడికారమూ సామెతలూ పురాణాల్లో పేర్లూ అన్నీ ఆవిడ నాలిక చివర ఉండేవి. నాన్న గళ్ళలో రాసేవారు. కొన్నాళ్ళకి ఒకసారి అన్నీ సరైనవని మనియార్డరు వచ్చింది, నాన్న పేరు మీద. పత్రికలో పేరు కూడా వేశారు. ఆ పేజీ చాలా ఏళ్ళు ట్రంకు పెట్టెలో దాచుకున్నది మాత్రం అమ్మే. నాన్న చెడ్డమనిషి కాడు. "మీ అమ్మకి ఎన్ని మాటలొచ్చో!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. కానీ ఆ కాగితం మీద ఆవిడ పేరు రాయాలని ఆయనకి తట్టలేదు, ఆవిడకీ తట్టలేదు, పక్కనే కూచుని చూస్తున్న నాకూ తట్టలేదు. ఇంతకీ ఆవిడ గళ్ళు చూడకుండానే జవాబులు చెప్పేది. నిలువు, అడ్డం ఎక్కడ కలుస్తున్నాయో కనపడని ఆట అది. మూడో అక్షరం ఏమిటో ఎవరో చెబితే తప్ప తెలియదు. ఆవిడ అసలు కష్టమైన నుడికట్టే విప్పింది, పెన్సిలు పట్టకుండా.

పి. సత్యవతిగారి "ఇల్లలకగానే" కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒకావిడ తన పేరే మర్చిపోతుంది. మర్చిపోయిన ఆ ఒక్క మాట కోసం ఇల్లు వదిలి బయల్దేరుతుంది. ఎన్నిసార్లు పాఠం చెప్పినా, ఆ కథ దగ్గర మా అమ్మ గుర్తొస్తుంది.

ఈ ఆట చరిత్రలోనూ ఇదే వరస. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ మొదటి పజిల్ వేశాడని అందరూ రాస్తారు. అదే పత్రికలో సెక్రటరీగా చేరి, తప్పుల తడకగా వస్తున్న ఆ పజిళ్ళని ఒక దారిలో పెట్టిన మార్గరెట్ పెథర్‌బ్రిడ్జ్ పేరు ఎంతమందికి తెలుసు? పెళ్ళి తర్వాత ఫరార్ అయిన ఆవిడే 1924లో వచ్చిన మొదటి క్రాస్‌వర్డ్ పుస్తకం సంపాదకుల్లో ఒకరు, 1942 నుంచి 1969 దాకా న్యూయార్క్ టైమ్స్ మొదటి క్రాస్‌వర్డ్ ఎడిటర్. మన దగ్గర ఈ ఆట మాటొస్తే శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్ళ నుడికట్లు గుర్తు చేసుకుంటాం. చేసుకోవలసిందే. వాటి చుట్టూ వంటిళ్ళలోంచి జవాబులందించిన వాళ్ళని కూడా ఒక్కసారి తలుచుకుంటే ఎవరి గొప్పా తగ్గదు.

సరే, మళ్ళీ నా గళ్ళ దగ్గరికి వస్తాను. కూర్చేవాళ్ళకి మూలలో మూడక్షరాలు ఇమడకపోతే చేతికందే ఆధారం ఒకటుంది, "స్త్రీ". రెండైతే ఇంతి, భామ, కాంత. మూడైతే పడతి, అతివ, ముదిత, లలన, అబల. నాలుగైతే అలివేణి, విరిబోణి, జవరాలు. ఖాళీ ఎంతుంటే అంతకి సరిపోయే ఆడది ఎప్పుడూ సిద్ధం. ఈ జాబితాలో జుట్టుని బట్టి, ఒంటిని బట్టి, వయసుని బట్టి, ఆఖరికి బలం లేకపోవడాన్ని బట్టి వచ్చిన పేర్లున్నాయి. చేసే పనిని బట్టి వచ్చింది ఒక్కటీ లేదు. పొద్దున నేను నింపిన నాలుగు మాటల్లో ఒకటి "అబల". ఆలోచించకుండా రాసేశాను. ఏళ్ళ తరబడి చదువుకున్న చదువు చేతిని అలా తీసుకుపోతుంది.

అడ్డంలో ఒక ఆధారం దగ్గర బండి ఆగిపోయింది. "దిక్కుతో మొదలెట్టి, గింజ మిగిల్చి, పొల్లు ఎగరగొట్టడం, ఆరక్షరాలు." మూడోది "ర". దిక్కు అనగానే నా బుర్ర ప్రాచి, ప్రతీచి, ఉదీచి, అవాచి అంటూ బయల్దేరింది. శబ్దరత్నాకరం కూడా తీశాను. పైకి చదువుతున్నానేమో, సింకు దగ్గర గిన్నెలు తోముతున్నామె తలతిప్పి అంది, "గంత ఆలోచనెందుకమ్మా? తూర్పార పట్టుడే గదా. గాలికి వడ్లు పడితే పొల్లు పోతది, గింజ కిందికొస్తది."

ఆమెది పాలమూరు వైపు పల్లె. ఆ పని చేసిన మనిషి. నాకు ఆ మాట తెలియక కాదు. విమర్శ వ్యాసాల్లో లెక్కలేనన్నిసార్లు వాడాను, ఫలానా నవలని ఫలానా వారు తూర్పారబట్టారని. అది కల్లంలో చేసే పని అన్నదే నా తలలో లేదు.

తీరా రాయబోతే ఆమె మాట గళ్ళలో పట్టలేదు. అక్షరాలు ఆరే. కానీ నాలుగో గడిలో "ప" కుదరదు, అక్కడ నిలువుగా "అబల" వెళ్తోంది. "తూర్పారబట్టడం" అని దిద్ది రాశాను, అన్నీ అతికాయి. ఆమె చెప్పింది తప్పేమీ కాదు. పుస్తకాల తెలుగు ఎవరి తెలుగో అందరికీ తెలిసిందే. తెలంగాణ మాట వస్తే పక్కన "మాండలికం" అని గుర్తు పెట్టే నుడికట్లు చాలా చూశాను. కోస్తా మాటకి ఆ గుర్తు పెట్టడం చూడలేదు. మా అమ్మ జవాబు నాన్న పేరుతో వెళ్ళినట్టే, ఆమె జవాబు నా చేతిరాతలోకి, నా భాషలోకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం దాకా అందులో తప్పు నాకు కనపడలేదు.

అంతకన్నా ఆలస్యంగా కనపడింది ఇంకొకటి. అది ఆదివారం. నా ముక్కల తీరిక గురించి ఇన్ని పేజీలు రాయగలుగుతున్నాను, ఆ ముక్కలైనా నాకు దొరికింది ఆమె ఆదివారం కూడా మా గిన్నెలు తోమడం వల్లనే. మా ఇల్లు అయ్యాక ఇంకో మూడిళ్ళు. ఆ తర్వాత తన ఇల్లు. పదకొండు గీతలని లెక్కపెట్టుకున్న నేను, ఆమె కాగితానికి అంచైనా ఉందా అని అడగలేదు. చదువుకున్న ఆడవాళ్ళం ఇంట్లో మగవాళ్ళతో తగువు పడలేక, ఆ తగువు విలువని నెలజీతంగా మరో ఆడమనిషికి చెల్లించి శాంతి కొనుక్కుంటున్నాం. దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టుకుంటున్నాం.

అందుకని ఇంట్లో చెప్పేశాను. ఆదివారాలు ఆమెకి సెలవు, జీతం కోతలేదు. ఆ రోజు గిన్నెలు నావి కావు. పది నుంచి పదకొండు దాకా నన్ను ఎవరూ పిలవకూడదు. "ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా?" అన్నారు మా ఆయన. చిన్నదైతే ఒప్పుకోవడం తేలికే కదా అన్నాను. అత్తయ్యగారు ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "నాకూ ఒక పెన్సిలియ్యవే" అన్నారు.

తర్వాతి ఆదివారం గిన్నెలు సాయంత్రం దాకా సింకులోనే ఉన్నాయి. చూసీ చూసీ లేవబోయి, మళ్ళీ కూచున్నాను. నుడికట్టు ఆ వారమూ పూర్తి కాలేదు, ఈశాన్యం మూల అయిదు గళ్ళు ఖాళీ. గీతలు మాత్రం మూడే. గిన్నెలు రాత్రి తొమ్మిదింటికి మా ఆయన తోమారు, చప్పుడు ఇల్లంతా వినపడేలా.

మీరూ ఒక ఆదివారం కాగితం అంచున గీతలు పెట్టి చూడండి. ఆ లెక్క ఇంట్లో అందరికీ కనపడేచోట అంటించండి. మీ ఇంట్లో పనిచేసే ఆమె గీతలు కూడా కలిపి.