రిజిస్టరు తెలుగులో కూడా పెట్టండి

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు పెద్దలు. ఈ సామెతలో మొదటి సగం నేను ఒప్పుకుంటాను. గనిలోంచి తోడి పారబోసిన నీరు వాగులోకి, వాగులోంచి నదిలోకి, నదిలోంచి మన బిందెలోకి వస్తుంది. రెండో సగం మాత్రం ఒప్పుకోను. ఆ నీటిలో ఏముందో దేవుడికి తెలిస్తే చాలదు. ఆ ఒడ్డున బతికేవాళ్లకి తెలియాలి, అదీ వాళ్లు చదవగలిగే భాషలో తెలియాలి.

ముందు గని నీరు అంటే ఏమిటో చెప్తాను. భూమిని లోతుగా తవ్వితే ఊట వస్తుంది. దాన్ని పంపులతో తోడకపోతే ఖనిజం తీయలేరు. వాన పడితే తవ్విపోసిన మట్టి గుట్టల మీంచి ఇంకా నీరు దిగుతుంది. ఇన్నాళ్లూ రాతిలో కదలకుండా ఉన్న లోహాలు గాలి, నీరు తగిలి ఆ నీటిలో కరుగుతాయి. మన ఒడిశాలో దీనికి పెద్ద ఉదాహరణ జాజ్‌పూర్ జిల్లాలోని సుకిందా లోయ. దేశంలోని క్రోమైట్ నిల్వల్లో 90 శాతానికి పైగా అక్కడే ఉన్నాయి. అక్కడి గనుల నీటిలో హెక్సావలెంట్ క్రోమియం అనే విషం కలుస్తుంది. ఇది క్యాన్సర్ తెచ్చే పదార్థం. ఆ నీరు దామ్‌సాలా వాగులో పడి బ్రాహ్మణి నదిలోకి పోతుంది. 2007లో అమెరికాలోని బ్లాక్‌స్మిత్ ఇన్‌స్టిట్యూట్ ప్రపంచంలో బాగా కలుషితమైన పది చోట్ల జాబితా వేస్తే అందులో సుకిందా పేరు ఉంది.

దీనికి మందు లేదా? ఉంది. ఆ నీటిలో ఫెర్రస్ సల్ఫేట్ కలిపితే క్రోమియం తక్కువ హాని చేసే రూపంలోకి మారుతుంది, దాన్ని మడ్డిగా దించి తీసేయొచ్చు. ఆక్సీకరణం, క్షయకరణం అని మనం సైన్సులో చదువుకుంటున్నామే, అదే ఇది. పదో తరగతి పిల్లలకి అర్థమయ్యే పని గని యజమానులకి అర్థం కాదా? అర్థమవుతుంది. కానీ దానికి ఖర్చవుతుంది. ఎవరూ చూడనప్పుడు ఆ ఖర్చు మిగుల్చుకోవాలనిపిస్తుంది. అందుకే చట్టం కావాలి.

సుకిందా మనకి దూరం కదా అనుకోకండి. మన రుషికుల్య ఏం పాపం చేసింది? గంజాం దగ్గర నది ఒడ్డున 1960లలో క్లోర్ ఆల్కలీ ఫ్యాక్టరీ పెట్టారు. అందులో పాదరసం వాడేవారు. తర్వాత బరంపురం విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ చుట్టుపక్కల నీటిలో, మట్టిలో, చేపల్లో పాదరసం ఉందని రాశారు. అది గని కాదు, నిజమే. కానీ పాఠం ఒకటే. ముందు విషం నదిలో కలిసింది, తర్వాత పరీక్ష జరిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

మరి చట్టం లేదా అంటే, ఉంది. ఒడిశా 1953లోనే నదుల కాలుష్యం మీద చట్టం చేసింది. 1974లో దేశానికి నీటి చట్టం వచ్చింది. దాని 25వ సెక్షన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేకుండా గానీ ఫ్యాక్టరీ గానీ వ్యర్థ జలాన్ని వాగులోకి వదలకూడదు. అనుమతిలో పెట్టిన షరతులన్నీ ఒక రిజిస్టరులో రాయాలి. ఆ నీటి వల్ల ఇబ్బంది పడేవాళ్లు ఎవరైనా వెళ్లి ఆ రిజిస్టరు చూడొచ్చు. ఇది నేను కల్పించింది కాదు, అదే సెక్షన్‌లో ఉంది. మన బరంపురంలో మండలి ప్రాంతీయ కార్యాలయం కూడా ఉంది. మనలో ఎంతమంది వెళ్లి అడిగారు?

అడగకపోవడానికి ఒక కారణం భాష. 1936 దాకా గంజాం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఈ తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకారుల పల్లెలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. వాళ్లకి ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం చాలామందికి రాదు. మా మామయ్య వాళ్ల ఊరి దగ్గర ఒక క్వారీ గురించి మీటింగు పెట్టారు. గోడకి అంటించిన కాగితం ఒడియాలో, ఇంగ్లీషులో ఉంది. మామయ్య వెళ్లి సంతకం పెట్టి వచ్చాడు. "దేని మీద పెట్టావు మామయ్యా?" అనడిగితే, "వచ్చినట్టు పెట్టానురా" అన్నాడు. వచ్చినట్టు పెట్టిన సంతకం ఒప్పుకున్నట్టు అయిపోదని మనకెవరు హామీ ఇస్తారు? 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సభ జరపాలంటే 30 రోజుల ముందు తెలపాలి, నివేదిక సారాంశం రాష్ట్ర భాషలో లేదా స్థానిక భాషలో ఉండాలి. మన పల్లెల్లో స్థానిక భాష తెలుగు కాకపోతే మరేది?

"గనులు వద్దంటే ఉద్యోగాలెక్కడ?" అని కొందరు పెద్దలు అంటారు. నేను గనులు వద్దనలేదు. మనం అన్నం తినే స్టీలు కంచంలో క్రోమియం ఉంది. ఛత్రపురం ఇసుక ఖనిజాల వల్ల చాలా ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. కానీ నీరు శుభ్రం చేసి వదలమంటే ఉద్యోగం ఎలా పోతుంది? శుభ్రం చేయడానికి కూడా మనుషులు కావాలి కదా! చేపలు పోతే మాత్రం వేటకెళ్లేవాడి ఉద్యోగం తప్పక పోతుంది. దాన్నెవరూ లెక్కలో వేయరు.

ఇంకో మాట. 2024లో నీటి చట్టాన్ని సవరించారు. కలుషిత నీరు వదిలితే ఇదివరకు ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల దాకా జైలు ఉండేది. సవరణలో జైలు తీసేసి 10,000 రూపాయల నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టారు. కోట్ల వ్యాపారం చేసేవాళ్లకి 15 లక్షలు శిక్షా, లేక నది వాడుకున్నందుకు అద్దెనా? పెద్దలే చెప్పాలి.

నేను అడిగేవి మూడే. తెలుగువాళ్లు ఉన్న ఊళ్లలో నోటీసు, నివేదిక సారాంశం తెలుగులో కూడా ఇవ్వాలి. గని, ఫ్యాక్టరీ నీరు వదిలే చోట అనుమతి షరతులు, తాజా పరీక్ష ఫలితాలు బోర్డు మీద మూడు భాషల్లో రాయాలి. మన సైన్సు మాస్టార్లు ఏడాదికోసారి పై తరగతి పిల్లల్ని మండలి కార్యాలయానికి తీసుకెళ్లి ఆ రిజిస్టరు చూపించాలి. మనం ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ చదువుతున్నాం. అమ్మానాన్నలకి ఆ కాగితం చదివి చెప్పాల్సింది మనమే. చదివి వినిపించే దాకా ఎవరూ సంతకం పెట్టొద్దు.